రెండు షజ్రాల మధ్య మా ఫుప్పూ

మా ఇంట్లో ఒక షజ్రా ఉంది. షజ్రా అంటే చెట్టు. వంశవృక్షం అన్నమాట. బట్ట మీద అతికించిన పెద్ద కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. మా దాదా రెల్లు కలంతో, నల్లసిరాతో రాసుకున్నాడు. ఏడు తరాలు. ఒక్కో పేరు ఒక్కో ఆకులో. చిన్నప్పుడు పండక్కి సందూక్ తెరిచినప్పుడల్లా అబ్బా దాన్ని మంచం మీద పరిచి, మా వేలు పట్టుకుని కింది నుంచి పైకి నడిపించేవాడు. మేము ఎవరమో మాకు అట్లా తెలిసింది. తెలిసిందనుకున్నాం.

ఆ చెట్టులో ఒక్క ఆడమనిషి లేదు. ఏడు తరాల మగవాళ్లు తమంతట తామే మగవాళ్లను కన్నట్టు ఉంటుంది ఆ కాగితం. సంతానం లేనివాళ్ల పేరు కింద 'లావల్ద్' అని రాసి ఉంటుంది. మా దాదాకు బాబాయి వరసయ్యే ఒకాయనకు నలుగురు కూతుళ్లు. ఆయన పేరు కింద కూడా 'లావల్ద్' అనే ఉంది. ఈ సంగతి మాకు నలభై ఏళ్లు వచ్చేదాకా కళ్లకు ఆనలేదు.

మేము ముగ్గురం తోబుట్టువులం. మాలో ఉర్దూ, తెలుగు రెండూ చదివి రాయగలిగేది పత్రికల్లో పనిచేసే ఒక్కరే. మిగతా ఇద్దరికీ ఉర్దూ మాటే గాని రాత రాదు. వంశచరిత్ర మీద సరదాతో మేము సందూక్ తెరవలేదు. భయంతో తెరిచాం.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. వెంటనే జాతీయ జనాభా పట్టిక అన్నారు. మీ తల్లిదండ్రులు ఎప్పుడు పుట్టారు, ఎక్కడ పుట్టారు అని అడుగుతారన్నారు. ఆ చలికాలం ఈ దేశంలో ఎన్ని ముస్లిం ఇళ్లలో పాత పెట్టెలు తెరుచుకున్నాయో ఎవరు లెక్కపెడతారు? "మీకేం భయం, మీరు ఇక్కడివాళ్లే కదా" అన్నారు హిందూ మిత్రులు. ప్రేమగానే అన్నారు. ఇక్కడివాళ్లమని మీకు తెలుసు. మాకూ తెలుసు. కాగితానికి తెలియాలి కదా!

మా ఊరు జహీరాబాద్ దగ్గర. మా ఇల్లు కట్టినచోటే ఉంది. దాని చిరునామాకే నిలకడ లేదు. అబ్బా పుట్టినప్పుడు అది హైదరాబాద్ సంస్థానం, బీదర్ జిల్లా. 1956 నవంబర్‌లో మా తాలూకాను ఆంధ్రప్రదేశ్‌లో మెదక్ జిల్లాకు కలిపారు. బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. 2014లో తెలంగాణ వచ్చింది. 2016లో మాది సంగారెడ్డి జిల్లా అయింది. అంటే అబ్బా పుట్టిన జిల్లా ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంది. ఇల్లు కదలకుండానే మేము ఇన్నిచోట్లకు వలస పోయాం.

సందూక్‌లో భూమి శిస్తు రసీదులు దొరికాయి. పాత పహాణీ నకళ్లు దొరికాయి. అబ్బా చదువుకున్న బడి సర్టిఫికెట్ దొరికింది. హమ్మయ్య అనుకున్నాం. అట్టడుగున, తెల్లబట్టలో చుట్టి, ఒక నికానామా దొరికింది.

దాదాది కాబోలు అనుకున్నాం. కాదు. తారీఖు 1357 ఫస్లీ, ఇస్ఫందార్ నెల. ఫస్లీ సంవత్సరానికి 590 గాని 591 గాని కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. సంస్థానంలో ఫస్లీ ఏడు అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి ఇది 1948 జనవరి. పెళ్లికూతురి వయసు పదిహేడు. తండ్రి పేరు దగ్గర మా దాదా పేరు. పెళ్లికొడుకు సరిహద్దు నాకాలో గుమాస్తా. మెహర్ అయిదువందల ఒక్క రూపాయి, సిక్కా ఉస్మానియా, వాయిదా మీద.

దాదాకు ముగ్గురు పిల్లలని మాకు తెలుసు. ఛోటీ ఫుప్పూ, అబ్బా, చాచా. మరి ఈ పిల్ల ఎవరు?

పేరు చదువుదామంటే పడనివ్వలేదు. ఖాజీగారి గుమాస్తా షికస్తా రాతలో రాశాడు. చుక్కలు పెట్టకుండా, అక్షరం మీద అక్షరం ఎక్కించి పరుగెత్తే రాత అది. ఉర్దూలో హ్రస్వాచ్చులు మామూలుగానే రాయరు. ఇక చుక్కలు కూడా లేకపోతే ఒక పేరును మూడు రకాలుగా చదవొచ్చు. మేము మూడు రకాలుగానూ చదివాం. మూడూ ఆడపిల్లల పేర్లే. ఏది ఆమెది?

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ అబ్బా అక్కను ఛోటీ ఫుప్పూ అనే పిలుస్తున్నాం. ఛోటీ ఉంటే బడీ ఉండాలి కదా అని ఒక్కనాడూ అడగలేదు. ఆ పేరే ఒక కాగితం. నలభై ఏళ్లు మా నోట్లోనే ఉంది. చదువుకోలేదు.

ఛోటీ ఫుప్పూ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. అప్పటికి ఎనభై రెండేళ్లు. నికానామా ఆమె ముందు పెట్టాం. పాన్‌దాన్ మూత వేసేసింది. "అబ్ క్యూఁ పూఛ్‌రే? మిట్టీ హోగయీ" అంది. ఇప్పుడెందుకు అడుగుతున్నరు, మట్టయిపోయింది అని. పేరైనా చెప్పు ఫుప్పూ అంటే, "ఆపా అంటే ఆపా. పోయినవాళ్ల పేరెందుకు నోట్లో వేసుకునుడు" అంది.

మిగతా చుట్టాల దగ్గరికి పోయాం. చాచా కొడుకు, ఆమె వబాలో పోయిందని విన్నానన్నాడు. వబా అంటే కలరా, ప్లేగు లాంటి జబ్బు. మా అమ్మీ కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరో బావి అని గుసగుసలాడారని చెప్పింది. ఇంకొకరు దిఖ్ అన్నారు. దిఖ్ అంటే క్షయ. ఒక మనిషికి మూడు చావులు. బతుకు గురించి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

1948 అనగానే మా వైపు ఇళ్లలో బావి మాట ఎందుకొస్తుందో పాఠకులకు చెప్పాలి. ఆ సంవత్సరం సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన బలగం నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ దారిలో హైదరాబాద్‌కు నడిచింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. యుద్ధం అయిదు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత ఊళ్లలో జరిగింది మాత్రం అయిదు రోజుల్లో అయిపోలేదు. ఆ చివర్లోనే ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ జిల్లాలు తిరిగి నివేదిక రాశారు. తక్కువలో తక్కువ 27 వేలు, ఎక్కువలో 40 వేల మంది చనిపోయి ఉంటారన్నది వాళ్ల అంచనా. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో మా బీదర్ ఒకటి, నల్‌దుర్గ్ ఉన్న ఉస్మానాబాద్ ఒకటి. ఆడవాళ్లు బావుల్లో దూకిన సంగతులు అందులో ఉన్నాయి. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలో మామూలు మనుషులు చూడగలిగేచోటికి చేరలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లేకపోతే మేము సగం చెప్పినవాళ్లమవుతాం. ఆ సెప్టెంబర్‌కు ముందు రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకున్నారు, చంపారు. వాళ్లను విమర్శించినందుకు 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికారు. ఆయనా ముస్లిమే, ఆయనా ఉర్దూ పత్రికలవాడే. మా దాదా రజాకార్లలో చేరలేదంటారు. ఎదురు నిలబడ్డాడని కూడా ఎవరూ అనరు. ఎక్కువమంది అట్లాగే ఉండి ఉంటారు.

పోయినవాళ్లను లెక్కపెట్టొచ్చు, ఎక్కువో తక్కువో. మరి తిరిగిరానివాడి కోసం గుమ్మంలో కూర్చున్న పదిహేడేళ్ల పిల్లను ఏ లెక్కలో వేస్తారు?

ఛోటీ ఫుప్పూ దగ్గరికి నాలుగోసారి పోయినప్పుడు ఒక్క మాట అంది. "ఊళ్లె కుమ్మరోళ్ల ఇంట్ల అడుగుండ్రి. ఆపా దగ్గర కుట్టు నేర్చిన పిల్ల ఒకతి ఉండె. బతికుంటే చెప్తది." 2020 మార్చి మొదట్లో, లాక్‌డౌన్‌కు కొద్దిరోజుల ముందు, ఊరికి పోయాం.

ఆ పిల్ల బతికే ఉంది. ఇప్పుడు మనవరాళ్ల పిల్లలున్న అవ్వ. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక గోడ. మేము ఫలానా అని చెప్పగానే మా మొహాలు తడిమింది. "పోలీస్ యాక్షనప్పుడు మీ ఇంటి ఆడోళ్లు మూడు రాత్రులు మా కుండల కొట్టంల ఉన్నరట బిడ్డా. మా నాయిన చెప్తుండె. గదే నాయిన, అంతకు రెండు నెలల ముందుగాల రజాకార్లకు భయపడి పిల్లజెల్లతో చెరుకు తోటల పండుకున్నడు" అంది. రెండు వాక్యాలూ ఒకే గొంతుతో అంది. మేము తల వంచుకుని విన్నాం.

మా ఫుప్పూ గురించి అడిగితే అవ్వ మొహం విచ్చుకుంది. ఆమె చావును గాక ఆమెను చూసినట్టు మాట్లాడిన మొదటి మనిషి ఈ అవ్వే. పొడగరట. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేదట. వెండి పాజేబులు అమ్మి పాత సింగర్ మిషన్ కొన్నదట. పరదా లోపల మిషన్, పరదా బయట బట్టలిచ్చేవాళ్ల వరస. పొద్దున పిల్లలకు ఖురాన్ చెప్పేదట, మధ్యాహ్నం రవికలు కుట్టేదట. "నేను రోజూ పలక పట్టుకొని పోయేది. నాకు కుట్టు నేర్పుకుంట, నా పలక మీద తెలుగు అక్షరాలు ఆమె నేర్చుకునేది. నేను ఆమెకు ఓనమాల పంతులమ్మను" అని అవ్వ పడిపడి నవ్వింది.

లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చింది. అట్ట మీద గుడ్డ కుట్టి ఉంది. "కొలతల పుస్తకం. ఆమె పోయినంక మీ నాయినమ్మ నాకిచ్చింది. సగం నాకు సదువ రాదు. పారేయ మనసొప్పలే" అంది.

ఆ పుస్తకం కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ. ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు. రెండు రాతలూ రెండు చివరల నుంచి నడిచివచ్చి, మధ్యలో కొన్ని తెల్లకాగితాల దగ్గర ఆగిపోయాయి.

ఆడపిల్లకు చదవడం నేర్పి రాయడం నేర్పని ఇళ్లు ఆ రోజుల్లో చాలా. చదివితే ఖురాన్ చదువుకుంటుంది, రాస్తే ఎవరికి ఉత్తరం రాస్తుందో అని భయం. మా దాదా ఇంట్లోనూ అంతేనని ఛోటీ ఫుప్పూ తర్వాత చెప్పింది. ఆపాకు రాయడం నేర్పింది ఆమె భర్త. ఎనిమిది నెలల కాపురంలో. ఆయన నల్‌దుర్గ్ వైపు నాకాకు పోతూ, ఉత్తరం రాయాలి కదా అని నేర్పి పోయాడట.

కుడివైపు ఉర్దూ పేజీల్లో మొదట అక్షరాలు పెద్దపెద్దగా, వంకరగా ఉన్నాయి. పోనుపోను కుదురుకున్నాయి. అందులో ఉత్తరాలు లేవు. దరఖాస్తుల చిత్తుప్రతులు ఉన్నాయి. నా శౌహర్ ఫలానా నాకాలో ముంషీ, ఆబాన్ 1357 ఫస్లీ నుంచి జాడ లేదు, బతికి ఉన్నదీ లేనిదీ తెలియజేయాలి అని. ఆబాన్ అంటే ఆ సెప్టెంబరే. అదే దరఖాస్తు పదకొండుసార్లు ఉంది. ఒక్కో చిత్తులో ఒక్కో మాట మార్చింది. 'ఇస్తెద్ఆ' అన్నచోట ఇంకోసారి 'గుజారిష్' అని పెట్టి చూసింది. మాట మారిస్తే జవాబొస్తుందేమోనని ఆశ కావొచ్చు. జవాబు వచ్చినట్టు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఎడమవైపు తెలుగు పేజీలు 1956 తర్వాతవి. మా తాలూకా బీదర్ నుంచి మెదక్‌కు మారింది. ఉర్దూ కాగితం పట్టుకుపోతే చదివేవాళ్లు తగ్గిపోతున్న కాలం. పన్నెండో దరఖాస్తు తెలుగులో ఉంది. 'నా భర్త కనబడుట లేదు' అన్న ఒక్క వాక్యాన్ని ఆమె ఆరు పంక్తుల్లో ఆరుసార్లు రాసుకుంది. బ కు భ, ర కు ఱ పడి, కొట్టివేసి, మళ్లీ రాసి. ఉర్దూవాళ్లు తెలుగు నేర్చుకోరని మమ్మల్ని అనేవాళ్లు చాలామంది. మా ఫుప్పూ తన మొగుణ్ణి వెతుక్కోవడానికి రెండో భాష నేర్చుకుంది.

దరఖాస్తుల మధ్య కుట్టు లెక్కలు. ఇవే మాకు ఆమె బతికిన కాలాన్ని చూపించాయి. మొదట్లో లెక్క హాలీ రూపాయల్లో ఉంది. ఏడు హాలీలకు ఆరు కల్దార్‌లు అని ఒకచోట మారకం కూడా వేసుకుంది. తర్వాత అణాలు మిగిలాయి. ఆ తర్వాత ఒక పేజీలో 'న.పై.' వచ్చింది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంటే ఆమె 1948లో బావిలో పడలేదు. ఏ వబాలోనూ పోలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు కూడా కొత్త పైసలు లెక్క కట్టుకుంటూ కూర్చుని ఉంది!

తెలుగు వైపు చివరి లెక్క, కుమ్మరి వాళ్ల బిడ్డ లగ్గం రవిక, 75 న.పై. అవ్వకు చదివి వినిపించాం. కొంగు నోట్లో కుక్కుకుంది. "నాదే బిడ్డా. నా లగ్గంది. పైసలు తీసుకోలే. లెక్క మాత్రం రాసుకుంది. నా లగ్గమైన మూడు నెలలకు దగ్గి దగ్గి పోయింది" అంది. అది 1958. దిఖ్ అన్నవాళ్లే నిజం చెప్పారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో.

హైదరాబాద్ తిరిగివచ్చి పుస్తకం ఛోటీ ఫుప్పూ ఒళ్లో పెట్టాం. చాలాసేపు కుట్టిన అట్టను తడుముతూ కూర్చుంది. తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టింది.

ఆపా పదేళ్లు కాలీపోత్ లచ్ఛా మెడలోంచి తీయలేదట. భర్త పోయాడని కబురొస్తే ఇద్దత్ కూర్చోవాలి, నాలుగు నెలల పది రోజులు. అది గడిస్తే బేవా. బేవాకు మళ్లీ నికా చేయొచ్చు. మన ప్రవక్త మొదటి భార్యే బేవా. కానీ కబురు రాలేదు కదా! కబురు రాకుండా ఇద్దత్ ఎట్లా? 1953 ప్రాంతంలో ఒక దర్జీ సంబంధం పంపాడట. మంచివాడు, పరదా బయట నిలబడి ఆపాకు మిషన్ బాగుచేసిచ్చేవాడు. దాదా ఒక మౌల్వీని అడిగాడు. భర్త చావు రూఢి కానంతవరకు ఆమె ఇంకొకడి భార్యే అన్నాడు ఆయన. దాదా తలుపు వేసేశాడు. దర్జీ మళ్లీ రాలేదు. ఆపా ఏమంది అని అడిగాం. "ఏమంటది? ఆ రోజు మిషన్ తొక్కలే" అంది ఛోటీ ఫుప్పూ.

మేము ఈ మాట పట్టుకుని కొన్నాళ్లు పుస్తకాలు తిరగేశాం. పాత హనఫీ కట్టుబాటు ప్రకారం, జాడ తెలియని భర్త ఈడువాళ్లందరూ చనిపోయేంత కాలం భార్య ఆగాలి. అంటే ఆమె కూడా ముసలిదై పోవాలి. మాలికీ మజ్హబ్‌లో నాలుగేళ్లు చాలు. 1930లలోనే మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ లాంటి పెద్ద హనఫీ ఆలిమ్, ఆడవాళ్ల కష్టం చూసి ఈ విషయంలో మాలికీ పద్ధతి తీసుకోవచ్చని రాశారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్లు భర్త జాడ తెలియకపోతే భార్య కోర్టులో వివాహం రద్దు చేయించుకోవచ్చు. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకు. నిజాం రాజ్యం దాని బయట ఉంది. సంస్థానం దేశంలో కలిశాక కూడా ఆ హద్దు చెరగలేదు. పార్లమెంటు 1959లో ఇంకో చట్టం చేస్తే, 1960 ఫిబ్రవరి 1 నుంచి గాని అది మా ప్రాంతానికి రాలేదు. షోలాపూర్‌లో పుట్టిన ముస్లిం ఆడపిల్లకు 1939లోనే ఉన్న హక్కు, నాకాకు ఇవతల పుట్టిన మా ఫుప్పూకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది.

సైన్యం వచ్చింది. జెండా మారింది. రూపాయి మారింది. జిల్లా మారింది. రాష్ట్రం మారింది. ఆఫీసు భాష మారింది. ఇవన్నీ నాకా దాటి వచ్చాయి. ఆడదాని హక్కు ఒక్కటే నాకా దగ్గర ఆగిపోయింది. దాన్ని ఆపింది ఎవరు? కొత్త సర్కారు ఒక్కటే కాదు. కితాబులో దారి ఉన్నా చూపించని మౌల్వీ, అడిగిన మొదటి గడప దగ్గరే తృప్తిపడి వెనక్కి తిరిగిన మా దాదా, ఆ తర్వాత అరవై ఏళ్లు నోరెత్తని మేమందరం.

లౌకికవాద మిత్రులకు ఒక మాట. ముస్లిం స్త్రీ అనగానే మీకు తలాక్ గుర్తొస్తుంది. తలాక్ మీద చట్టం చేసింది కూడా ఆ 2019లోనే, పౌరసత్వ చట్టానికి నాలుగైదు నెలల ముందు. తలాక్ దొరక్క, విడుదల దొరక్క బతుకు ముగిసిన ఆడమనిషి మీ చర్చల్లో మాకెప్పుడూ ఎదురుపడలేదు. ఆమె భర్త చెడ్డవాడు కాదు. ఆమెకు రాయడం నేర్పినవాడు. ఈ కథను మీ దగ్గరున్న ఏ ఫైల్లో పెడతారు?

ముస్లిం మిత్రులకు ఇంకో మాట. మా చరిత్ర ఎవరూ రాయలేదని మనం పోట్లాడుతున్నాం. న్యాయమైన పోట్లాటే. మరి మన షజ్రాలు ఎవరు రాశారు? ఫుప్పూను మా షజ్రాలో ఎందుకు రాయలేదని ఛోటీ ఫుప్పూను అడిగాం. "పెండ్లైన ఆడపిల్ల అత్తగారింటి షజ్రాలో ఉంటది కదా" అంది. అత్తగారిల్లు ఎక్కడుంది? ఆ సెప్టెంబర్ తర్వాత వాళ్లు చెల్లాచెదురయ్యారు. ఎటుపోయారో కబురే లేదు. వాళ్ల షజ్రా ఉన్నా, కోడళ్లను అందులో రాసి ఉంటారా? ఇక్కడినుంచి పంపేశాం. అక్కడికి చేరలేదు. దారిలోనే ఉండిపోయింది.

ఆమె పోయిన రోజు ఇంకో వాదన జరిగిందట. జనాజా మీద సుహాగన్‌కు కప్పే ఎర్ర దుపట్టా కప్పాలా, బేవాకు కప్పే తెల్లదా అని. ఆడవాళ్లు తేల్చుకోలేకపోయారు. చివరికి మా దాదీ లేచి, ఆపా మిషన్ మీద సగం కుట్టి ఉన్న పచ్చ గుడ్డ ఒకటి తెచ్చి కప్పిందట. దాదీ గురించి మాకు తెలిసిన ఒకే ఒక్క పెద్ద సంగతి ఇది. దాదీ పేరు కూడా షజ్రాలో లేదు.

ఊళ్లో కబ్రస్తాన్‌కు అవ్వే తీసుకుపోయింది. గోడ దగ్గర వేపచెట్టు కింద చూపించింది. రాయి లేదు. గుర్తు లేదు. ఫాతిహా చదివాం. అవ్వ కొంగుతో తల కప్పుకుని మా పక్కనే నిలబడింది.

ఇక పేరు. నికానామాలో మూడు రకాలుగా చదివిన పేరును కొలతల పుస్తకం తేల్చింది. తెలుగు వైపు మొదటి పేజీలో ఆమె తన పేరు తెలుగులో రాసుకుంది. తొమ్మిదిసార్లు. తెలుగులో గుడి, కొమ్ము, ఏత్వం రాయకుండా పేరు రాయలేం. ఉర్దూ దాచిన అచ్చులన్నీ అక్కడ బయటపడ్డాయి. మేము అనుకున్న మూడింటిలో మూడోది. ఛోటీ ఫుప్పూ ఎదుట గట్టిగా చదివాం. అరవై రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు పలికింది. ఛోటీ ఫుప్పూ వద్దనలేదు. ఇంకోసారి చదవమంది.

పత్రికలో రాస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఇంట్ల పిల్లలకు చెప్పుండ్రి. షజ్రాల రాయుండ్రి. అచ్చుల వద్దు. పదేండ్లు పరదా లోపల్నే ఉన్నది నా ఆపా. నేను బతికున్నన్ని రోజులు ఆమె పేరు బజార్ల పెట్టకుండ్రి" అంది. మాలో ఇద్దరం వాదించాం. పేరు దాచడం వల్లే కదా ఇంత జరిగింది అన్నాం. ఆమె వినలేదు. తన అక్క కోసం ఏడ్చిన చివరి మనిషి ఆమె. మాట ఇచ్చాం. అందుకే ఇక్కడ ఆ పేరు లేదు. ఇది మర్యాదో, పాత తప్పునే మేము ఇంకోసారి చేయడమో మాకు తెలియడం లేదు.

షజ్రాలో మాత్రం రాశాం. మా దాదా పేరు నుంచి కొత్త కొమ్మ గీసి, ఆకులో ఆమె పేరు పెట్టాం. ఉర్దూలో జేర్, జబర్, పేష్ గుర్తులన్నీ వేసి, ఇంకెవరూ మూడు రకాలుగా చదవకుండా. దాని కిందే తెలుగులో. 'లావల్ద్' అని రాయలేదు. ఛోటీ ఫుప్పూ పేరు రాశాం. దాదీ పేరు కనుక్కుని రాశాం. నలుగురు కూతుళ్ల ముత్తాత దగ్గర ఆ మాట కొట్టేశాం. ఆ నలుగురి పేర్లు ఇంకా వెతుకుతున్నాం. ఇద్దరివి దొరికాయి.

పౌరసత్వానికి ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. ఏ ఆఫీసులోనూ చెల్లదు. రేపు ఎవరైనా వచ్చి మీరు ఎవరు, ఎక్కడివాళ్లు అని అడిగితే చూపించడానికి అబ్బా బడి సర్టిఫికెట్ ఉంది, శిస్తు రసీదులున్నాయి. అవి ఫైల్లో పెట్టాం. ఈ కొలతల పుస్తకాన్ని మాత్రం అవ్వకే తిరిగి ఇచ్చేశాం. అది ఆమె సొత్తు. ఇచ్చేముందు ఉర్దూ వైపు రాసిందంతా తెలుగులో కూర్చి, విడి కాగితాల మీద రాసి, పుస్తకంలో పెట్టి ఇచ్చాం. మధ్యలో తెల్లకాగితాలను ముట్టుకోలేదు. అవి ఆమెవి.